కొండపొదల నరుకుడు – సీతాకోకచిలుకల ఉనికి

(పత్తికొండలో రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వ్యవసాయం చెప్పవలసినవాడు సీతాకోకచిలుకల మాట ఎత్తుకున్నాడేమిటని మీలో కొందరికి తోచవచ్చును. మన పత్తికొండ ప్రాంతపు పైరులు వేరుసెనగ, ఆముదం, కంది, పత్తి, ఉల్లి, టమాటా. వీటికి పట్టే తెగులు, వీటికి వచ్చే ధర, అన్నిటికీ మించి వాన, ఇవి మీ చింతలు. అయినా ఈ మాట ఎత్తడానికి కారణం ఉన్నది. మీ ప్రతి ఊరికీ ఒక గుట్టో, ఒక వంకో, కొంత పోరంబోకో ఉన్నది. దానిమీది పొదలను నరకాలా, ఎప్పుడు నరకాలి, నరికిన చోట ఏమి నాటాలి అన్న ప్రశ్న ఏదో ఒకనాడు మీ ముందుకు వస్తుంది. 1992లో వన సంరక్షణ సమితుల పద్ధతి మన రాష్ట్రంలో మొదలైన తరువాత అడవి పనులలో గ్రామస్థులకు కూడా కొంత మాట దక్కింది. ఆ మాట చెప్పవలసిన రోజున మీకు పనికివచ్చే సంగతులే నేను చెప్పబోతున్నాను.

ముందుగా ఒక విషయం దాచకుండా చెబుతాను. సీతాకోకచిలుకలు ఎక్కువైతే మీ వేరుసెనగ దిగుబడి పెరుగుతుందని నేను చెప్పను. వేరుసెనగ తన పూవులో తానే ఫలదీకరణం చెందే పైరు. దానికి రెక్కల పురుగు సాయం అక్కరలేదు. మరి సీతాకోకచిలుకతో మనకేమి పని? అడవిలో పెద్ద చెట్ల కింద, మనం లెక్కలోకి తీసుకోని పొద, తీగ, గడ్డి, తడి, ఇవి బ్రతికి ఉన్నవా లేవా అన్నది సీతాకోకచిలుకను చూచి తెలుసుకోవచ్చును. గొర్రెకు మేత ఆ పొదలలోనే ఉన్నది. ఉల్లి విత్తనపు పంటకు, పొద్దుతిరుగుడుకు వచ్చే తేనెటీగకు పైరు పూయని నెలలలో ఆహారం అక్కడే ఉన్నది. వానచినుకు నేలను కోయకుండా ఆపేదీ ఆ పొదే. సీతాకోకచిలుక వెళ్ళిపోయిన గుట్టమీద ఇవన్నీ కూడా తరిగిపోతున్నవని గ్రహించవలెను.

సీతాకోకచిలుక బ్రతుకు నాలుగు దశలుగా నడుస్తుంది. తల్లి ఆకుమీద గ్రుడ్డు పెడుతుంది. గ్రుడ్డు పగిలి గొంగళిపురుగు వస్తుంది. అది తిని పెరిగి, కొమ్మకో ఆకుకో వేలాడే ప్యూపా అవుతుంది. ప్యూపానుండి రెక్కలతో సీతాకోకచిలుక వెలువడుతుంది. ఎండ వేడి గల మన నేలలో జిల్లేడుమీద పెరిగే జాతికి ఇదంతా మూడు నాలుగు వారాలలో పూర్తి అవుతుంది. ఇందులో ముఖ్యమైన సంగతి ఒకటి ఉన్నది. రెక్కలు వచ్చిన తరువాత అది ఏ పూవులోనైనా తేనె త్రాగగలదు. గొంగళిపురుగుగా ఉన్నప్పుడు మాత్రం కనబడిన ప్రతి ఆకూ తినదు. ఒక్కొక్క జాతికి కొన్ని రకాల మొక్కలే ఆహారం. ఆ మొక్క లేకపోతే, చుట్టూ ఎంత పచ్చదనం ఉన్నా ఆ జాతికి అది ఎడారే.

మన గుట్టలమీది మొక్కలనే తీసుకొని చూడండి. తంగేడు, కసింద, రేల ఆకులను తిని పెరిగే తెల్లని, లేత పసుపు సీతాకోకచిలుకలు వానల తరువాత గుంపులుగా పోవడం మీరు చూచే ఉంటారు. నారింజరంగు రెక్కలకు నల్లని అంచు, దానిలో తెల్లచుక్కలు గలది జిల్లేడుమీద పుడుతుంది. రేగుచెట్టు తెల్లని రెక్కలపై నల్లచుక్కలున్న చిన్న జాతిని పోషిస్తుంది. ఆదొండ తీగ, దాని జాతి పొదలు మరికొన్ని తెల్ల సీతాకోకచిలుకలకు ఆధారం. నల్లని రెక్కలు, ఎర్రని ఒడలు గల పెద్ద సీతాకోకచిలుకకు ఈశ్వరి తీగ, దాని జాతి మొక్కలే దిక్కు. వేపమీద, మామిడిమీద పట్టే బదనికను మనం పీడగా చూస్తాం. పసుపు, ఎరుపు, తెలుపు కలిసిన ఒక అందమైన జాతి ఆ బదనిక ఆకులను తినే పెరుగుతుంది. గంగవాయిలి కూర, ముళ్ళగోరింట, దూలగొండి, చింత, ఇట్లా ఒక్కొక్క మొక్కకు ఒక్కొక్క అతిథి ఉన్నది.

ఈ పట్టిక వింటుంటే మీకు ఒకటి తట్టే ఉండవలెను. చింత, రేల, వేప తప్ప ఇందులో కలప చెట్టు దాదాపు లేదు. ఉన్నవన్నీ పొదలు, తీగలు, కలుపు అని మనం పేరుపెట్టినవి. అడవుల యాజమాన్యంలో వచ్చిన చిక్కంతా ఇక్కడే ఉన్నది.

చాలాకాలం అడవిని దుంగలతోనే లెక్కవేశారు. 1806లో కుంఫిణీవారు మలబారులో అడవుల సంరక్షకుడు అన్న పదవిని ఏర్పరచినది ఓడలకు టేకు కలప కోసం. ఆ ఏర్పాటువల్ల ప్రజలకు ఇబ్బంది కలుగుతున్నదని 1823లో ఆ పదవిని రద్దుచేసినప్పుడు మద్రాసు గవర్నరుగా ఉన్నవారు సర్ థామస్ మన్రో. ఆయనే 1827 జూలైలో ఈ పత్తికొండలో కలరా తగిలి చనిపోయారు. ఆయన జ్ఞాపకార్థం ఇక్కడ ఒక తోపు వేసి, బావి త్రవ్వించారు. తరువాత 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చి రిజర్వు అడవులు ఏర్పడినవి. అడవి నిలిచింది కాని, అందులో విలువ మాత్రం కలపకు, వెదురుకు, వంటచెరకుకే కట్టారు. కలపచెట్టుకు అడ్డువచ్చే తీగను కోసివేయడం, పొదను కొట్టివేయడం అటవీ పనులలో ఒక భాగమయినది. చెట్టు నిటారుగా పెరగడానికి అది మంచిదే. కాని ఈశ్వరి తీగను కోసిన రోజున దానిమీది గొంగళిపురుగుకు వేరే దారి లేదు.

ఇప్పుడు నరుకుడు ఏ విధంగా పనిచేస్తుందో చూద్దాం. ఒక గుట్టను ఒకేసారి మొదలంటా నరికితే మూడు నష్టాలు కలుగుతవి. మొదటిది, ఆకుతోపాటు దానిమీది గ్రుడ్లు, గొంగళిపురుగులు, ప్యూపాలు పోతవి. రెండవది, నీడ పోయి నేల ఎండుతుంది. కర్నూలు జిల్లా సగటు వాన ఏడాదికి 700 మిల్లీమీటర్ల లోపే. మార్చి నుండి మే వరకు సీతాకోకచిలుకలు ఎక్కువగా వంకలలోని నీడను, తడిని ఆశ్రయించి గడుపుతవి. వంక ఒడ్డున తడి ఇసుకమీద అవి గుంపుగా వాలడం మీరు చూచి ఉంటారు. తడితోపాటు అవి ఉప్పును పీల్చుకుంటవి. వంక ఒడ్డు చెట్లు పోతే ఆ తడి ముందే ఆరిపోతుంది. మూడవది, ఖాళీ అయిన నేలను తంగేడు, రేగు మళ్ళీ పట్టుకోకముందే సర్కారు కంప, లాంటానా ఆక్రమిస్తవి.

సర్కారు కంప మన సీమకు వచ్చిన కథ తెలిసికోదగినది. మెట్టభూములలో వంటచెరకు కొరత తీరడానికి 1877లో దాని విత్తనాన్ని జమైకానుండి మన పొరుగు కడప ప్రాంతానికి తెప్పించారు. వంటచెరకు ఇచ్చిన మాట నిజం. దాని పూతకు తేనెటీగలు వచ్చే మాటా నిజం. కాని అది దట్టంగా అల్లుకున్న చోట కింద మరొక మొక్కను లేవనీయదు. లాంటానా సంగతి ఇంకా మోసకరమైనది. దాని పూలమీద సీతాకోకచిలుకలు ముసురుకొని ఉంటవి. చూచినవారు ఇక్కడ వాటికేమీ లోటు లేదనుకుంటారు. అవి అక్కడికి తేనె త్రాగడానికి వచ్చినవే. గ్రుడ్డు పెట్టడానికి కావలసిన తంగేడును, ఆదొండను ఆ లాంటానాయే తరిమివేస్తున్నది. పూలమీద గుంపును చూచి మురిసిపోకుండా, పిల్లలకు ఆకు ఉన్నదా అని చూడవలెను.

నరికిన తరువాత నాటే చెట్టు సంగతి. నీలగిరి త్వరగా పెరుగుతుంది, మేక ముట్టదు, అమ్మితే డబ్బు వస్తుంది. కావున 1970, 80 దశకాలలో ప్రభుత్వ భూములలోనూ రైతుల పొలాలలోనూ దానిని విరివిగా వేశారు. మీ సొంత చేనులో లాభం చూచుకొని వేసుకునేవారిని నేను తప్పుపట్టను. కాని మన సీతాకోకచిలుకల గొంగళిపురుగులకు ఆ ఆకు సాధారణంగా పనికిరాదు. గుట్టనంతా తవ్వి ఒకే జాతి చెట్టు వరుసలుగా వేస్తే, దూరానికి పచ్చగా కనబడుతుంది. లోపలికి నడిచి చూస్తే మేతా లేదు, పొదా లేదు.

ఇక నిప్పు. వేసవిలో గడ్డి బాగా మొలవాలని గుట్టకు నిప్పు పెట్టడం, బీడీ ఆకు లేతగా చిగురించాలని తునికి పొదలను కాల్చడం పలుచోట్ల ఉన్న అలవాటు. సీతాకోకచిలుకలు చాలా భాగం వేసవిని ప్యూపాగానో, ఎండిన ఆకుల మధ్య దాగియో గడుపుతవి. రెక్కలున్నది ఎగిరి పోగలదు. ప్యూపా కదలలేదు. పైగా తునికి ఆకు కూడా ఒక ఎర్రని జాతికి ఆహారమే. ఒక ఏడు ఒక మూల కాలితే పక్క మూలనుండి మళ్ళీ వచ్చి చేరుతవి. ఏటేటా గుట్టంతా కాలితే వచ్చి చేరడానికి ఏవీ మిగలవు.

నరుకుడువల్ల జరిగే హాని ఎంత దూరం పోగలదో తెలియడానికి ఒక దేశాంతరపు ఉదాహరణ చెబుతాను. మన జిల్లేడు సీతాకోకచిలుకకు అమెరికాలో ఒక దగ్గరి చుట్టం ఉన్నది. దానిని మోనార్క్ అంటారు. అదికూడా జిల్లేడు కుటుంబపు పాలమొక్కలనే తింటుంది. చలికాలం రాగానే అవి వేల కిలోమీటర్లు ప్రయాణం చేసి మెక్సికో కొండలమీది ఫర్ చెట్లకు కోట్లకొద్దీ వేలాడుతవి. ఈ చోటు శాస్త్రజ్ఞులకు 1975లో తెలిసింది. అక్కడ చెట్లను నరికినచోట అడవికి కప్పుమీద చిల్లు పడినట్లయినది. చిల్లులోనుండి వాన, మంచు దిగి, తడిసిన సీతాకోకచిలుకలు గడ్డకట్టి చనిపోయేవి. అన్ని చెట్లు నరకనక్కరలేదు, గుంపు మధ్య కొన్ని నరికినా చాలునని అక్కడి పరిశీలనలలో తేలింది. 1986లోను, మరల 2000లోను ఆ అడవిని రక్షిత ప్రదేశంగా ప్రకటించారు.

ఇది విని, అయితే గొడ్డలే ముట్టకూడదు కాబోలు అనుకోవద్దు. ఇంగ్లండులో దీనికి ఎదురు కథ జరిగింది. అక్కడి కొన్ని అడవులలో పూర్వం వంటచెరకు కోసం వంతులవారీగా చెట్లను మొదట నరికి, మోడునుండి మళ్ళీ చిగురించనిచ్చేవారు. నరికినచోట ఎండ పడి నేలమీద చిన్న మొక్కలు లేచేవి. ఆ మొక్కలమీద ఒక గోధుమరంగు సీతాకోకచిలుక బ్రతికేది. ఇరవయ్యవ శతాబ్దంలో ఆ వంటచెరకు అక్కరలేకపోయి నరుకుడు మానివేశారు. అడవి నీడతో మూసుకొనిపోయి ఆ జాతి దాదాపు నశించింది. కెంటు ప్రాంతంలో మళ్ళీ వంతులవారీ నరుకుడు మొదలుపెట్టి దానిని నిలబెట్టుకున్నారు. కావున గొడ్డలి పాపం చేసినదని కాదు. ఎంత, ఎప్పుడు, ఎక్కడ అన్నదే ప్రశ్న.

మన దగ్గరి నల్లమలలో కూడా ఒకప్పుడు కూపులు వేసి కలప, వెదురు తీశారు. ఆ అడవిలో చాలా భాగం 1978లో అభయారణ్యంగానూ, 1983లో పులుల సంరక్షణ కేంద్రంగానూ ఏర్పడినందున అక్కడ రక్షణ గట్టిగా ఉన్నది. మన పత్తికొండ గుట్టలకు పులి లేదు, పేరూ లేదు. కావున వాటిని చూచుకోవలసినది మనమే.

ఇప్పుడు మీలో కలుగగల ఒక భయానికి జవాబు చెబుతాను. పొదలను పెంచితే గొంగళిపురుగులు చేలమీద పడవా? మీ పైరును నాశనం చేసేవి ఏవో ఒకసారి లెక్కపెట్టండి. తొలకరి వానతో నేలనుండి లేచి వేరుసెనగను తినివేసే ఎర్ర గొంగళిపురుగు, ఆముదం దాసరిపురుగు, శనగపచ్చ పురుగు, పొగాకు లద్దెపురుగు, పత్తిలో గులాబిరంగు కాయతొలుచు పురుగు. ఇవన్నీ రాత్రిపూట తిరిగే రెక్కల పురుగుల పిల్లలు. సీతాకోకచిలుకల పిల్లలు కావు. సీతాకోకచిలుకలలోనూ నష్టం చేసేవి కొన్ని ఉన్నవి. నిమ్మ, బత్తాయి, కరివేపాకు ఆకులను తినే నల్లపసుపు జాతి ఒకటి. దానిమ్మ కాయను తొలిచేది ఒకటి. కంది, అలసంద పూతను, కాయను తినే చిన్న నీలిజాతి ఒకటి. ఇవి ఆ పైరుకోసం వచ్చేవి. గుట్టమీది తంగేడును కొట్టినందువల్ల ఇవి తగ్గవు. జిల్లేడు తినేది జిల్లేడునే తింటుంది, మీ ఉల్లిని ముట్టదు.

ఈ విషయంలో నా తప్పు కూడా ఒప్పుకుంటాను. చదువుకునే రోజులలో గట్లమీది పొద అంతా పురుగుల ఆశ్రయమని నేర్చుకున్నాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో చాలామంది రైతులకు గట్లు నున్నగా గొరిగించమని చెప్పాను కూడా. ఒక రైతు నా మాట విని గట్టుమీది తంగేడు, రేగు, ఆదొండ అన్నీ కొట్టించాడు. మరుసటి ఏడు వానలకు ఆ గట్టుమీద వయ్యారిభామ దట్టంగా లేచింది. అదేమిటో మీకు వేరే చెప్పనక్కరలేదు. 2000 సంవత్సరంలో అనంతపురం జిల్లా వేరుసెనగను దెబ్బతీసిన కాండంకుళ్ళు వైరస్ తెగులు ఆ వయ్యారిభామలో నిలువ ఉండి, దాని పుప్పొడితో, తామర పురుగుల ద్వారా చేలకు వచ్చింది. మంచి పొదను తీసి చెడ్డ మొక్కకు చోటిప్పించినవాడిని నేనే. ఆ రైతు నన్ను ఒక్కమాట కూడా అనలేదు. అప్పటినుండి కలుపు అన్న మాట వాడేముందు మొక్క పేరు అడుగుతున్నాను.

కావున మీకు నా సూచనలు ఇవి.

గుట్టను నాలుగు భాగాలుగా అనుకొని, ఏడాదికి ఒక భాగంలోనే వంటచెరకు కొట్టండి. నాలుగేళ్ళకు మొదటి భాగం మళ్ళీ కోతకు వస్తుంది. మిగిలిన మూడు భాగాలలో పొద, పురుగు, పక్షి నిలిచి ఉంటవి.

చలికాలం చివర, చిగురు రాకముందు నరకండి. మోడు జానెడు ఎత్తు మించకుండా, వాన నీరు నిలువకుండా వాలుగా, పదునైన కత్తితో ఒక్కవేటున కోయండి. చీలిన మోడు కుళ్ళుతుంది. వేరును పెకలించవద్దు.

వంకకు ఇరువైపులా పదేసి గజాలు అసలు ముట్టవద్దు. మొత్తం గుట్టలో ఏది పోయినా ఇది మిగలవలెను.

కొట్టవలసినవి సర్కారు కంప, లాంటానా, వయ్యారిభామ. సర్కారు కంపను కూడా ఒకేసారి నేల బోసిపోయేటట్లు తీయకుండా, తీసినచోట వెంటనే రేల, వేప, చింత, వెలగ, రేగు, కానుగ వంటి మన చెట్లను కలిపి నాటండి. వయ్యారిభామను పూతకు రాకముందే పీకవలెను.

నిప్పు పెట్టవద్దు. గడ్డి కావలిస్తే కోసి తెచ్చుకోండి. నిప్పు వ్యాపించకుండా గుట్ట చుట్టూ గడ్డి చెక్కిన బాట ఒకటి ఉంచండి.

చేలకు మందు కొట్టేటప్పుడు గాలి గట్టువైపు వీస్తుంటే ఆగండి. గట్టుమీది పొదకు మందు అక్కరలేదు.

రిజర్వు అడవిలో ఏ పని అయినా అటవీ శాఖవారి అనుమతితోనే చేయవలెనని వేరే చెప్పనక్కరలేదు. కాని వారు పని ప్రణాళిక వేసేటప్పుడు సమితి సభ్యులుగా మీరు తీగలను, పొదలను ఎంతవరకు ఉంచుతారని అడగవచ్చును. అడగకపోతే ఆ మాట ఎవరికీ తట్టదు.

మీరు చేసిన పని ఫలించినదీ లేనిదీ తెలిసికోవడానికి యంత్రమేమీ వద్దు. ఆగస్టు, సెప్టెంబరు నెలలలో వాన వెలిసిన మరునాడు, పొద్దు బారెడెక్కిన తరువాత, బడికి వెళ్ళే పిల్లవాడిని వెంటబెట్టుకొని వంకవెంట అరగంట నడవండి. ఎన్ని రంగుల సీతాకోకచిలుకలు కనబడినవో ఒక కాగితంమీద గీతలు గీయించండి. దానిపక్కనే తంగేడు, రేగు, ఆదొండ, ఈశ్వరి, జిల్లేడు ఉన్నవో లేవో వ్రాయించండి. ఏటా అదే చోట, అదే నెలలో నడిస్తే మూడు నాలుగేళ్ళలో మీ గుట్ట సంగతి మీకే తెలుస్తుంది. ఈశ్వరి తీగ ఎక్కడున్నదో చూపగలిగిన పెద్దలు ప్రతి ఊళ్ళోనూ ఇంకా ఉన్నారు. వారు ఉండగానే పిల్లలకు చూపించండి.

వచ్చే చలికాలం మీలో కొందరు వంటచెరకుకు గుట్ట ఎక్కుతారు. కత్తి తీసేముందు ఆ భాగంలో ఉంచవలసిన పొదలకు సున్నపు చుక్క పెట్టి, తరువాత పని మొదలుపెట్టండి. ఒక పూట ఎక్కువ పడుతుంది, అంతే. ఆ ఒక్క పూట కోసమే ఈ ప్రసంగమంతా చేశాను.